నర్సమ్మ చూడొచ్చన్న జైలు

బిలాస్‌పూర్ తార్‌బహార్ పేటలోని తెలుగు ఇళ్ళలో పిల్లలు ఏ కొత్త సినిమా కోసమైనా మారాం చేస్తే తల్లులు ముందు ఒకటే అడిగేవారు: "నర్సమ్మప్ప సూసిందేటి?" ఆవిడ చూసి సరేనంటే సరే. చూడకపోతే చూసేదాకా ఆగాలి. ఈ ఏర్పాటు ఎవరూ కూర్చుని చేసుకున్నది కాదు. మంచినీళ్ళ కుళాయి దగ్గర వరసలాగా దానంతటదే వచ్చింది.

అప్పలనర్సమ్మ భర్త జగన్నాథం గూడ్సు బండి గార్డు. సినిమా అంటే రేకు డబ్బాల్లో రీళ్ళుగా తిరిగే రోజుల్లో, విశాఖపట్నం నుంచి తెలుగు బొమ్మ బిలాస్‌పూర్ రావాలంటే ఆ డబ్బాలు గార్డుల చేతుల మీదుగానే వచ్చేవి. ఒక గార్డు తన సెక్షను దాకా తెచ్చి, తర్వాతి గార్డు బ్రేకువానులోకి ఎక్కించేవాడు. చివరి చెయ్యి జగన్నాథానిది. ఆదివారం రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఆట. రీళ్ళు తెగాయో లేదో చూసుకోడానికి ముందురోజు ఒకసారి తిప్పి చూసేవారు. ఖాళీ హాల్లో ఆ ఒక్క ఆటకి గార్డుగారి భార్య హాజరు. పొద్దున్న కూరగాయల బండి దగ్గర ఆడవాళ్ళు చుట్టుముట్టేవారు. "పిల్లల్ని తేవొచ్చేటి అప్పా?" నర్సమ్మ దగ్గర మూడే తీర్పులు. "తెండి." "తెండి గానీ కడుపు నింపి తెండి, సగంలో నిద్దరోతారు." "ఇంట్లో దిగబెట్టీసి రండి." ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు.

రైళ్ళ వెంట వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు ఖరగ్‌పూర్‌లో ఉన్నారు, చక్రధర్‌పూర్‌లో ఉన్నారు, నాగ్‌పూర్ దాకా ఉన్నారు. అన్ని ఊళ్ళలోనూ తిరిగాను. పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళూ, చీటీలు నడిపేవాళ్ళూ అన్నిచోట్లా ఉంటారు. పిల్లల కళ్ళకి ఏది తగులుతుందో ముందే చూసిపెట్టే మనిషి మాత్రం నాకు బిలాస్‌పూర్‌లోనే కనబడింది. రీళ్ళు పోయాయి, ఇన్‌స్టిట్యూట్ ఆటలు పోయాయి, జగన్నాథమూ పోయాడు. తీర్పులు పోలేదు. ఇప్పుడవి ఫోనులోని ఆడవాళ్ళ గుంపులో గొంతు సందేశాలుగా వెళ్తాయి. నర్సమ్మకి రాయడం పెద్దగా రాదు. రాసినా చదివేవాళ్ళు ఆ గుంపులో తక్కువే. హిందీ బడుల్లో చదువుకున్న కోడళ్ళు.

ఆవిడ కొడుకు రమణబాబు. అతని గురించి చెప్పకపోతే ఈ కథ లేదు.

రమణబాబు యార్డులో కాంట్రాక్టరు కింద గేటు చూసేవాడు. ఒకసారి రాగి తీగ పోయింది. లారీ బయటికెళ్ళింది అతని గేటులోంచే. తోడుదొంగ అన్నారు. ఇంకో జిల్లా జైల్లో పెట్టారు. బెయిలు రావడానికి దాదాపు ఏడాది పట్టింది, కేసు తేలి నిర్దోషి అనడానికి మరి కొన్నేళ్ళు. అప్పటికి కూతురు శ్వేతకి ఊహ తెలుస్తోంది. వీధి అంతటికీ తెలిసిన సంగతి ఇంట్లో దాచడం కుదరదు కాబట్టి రమణబాబు ఇంకో పని చేశాడు. జైలుని కథలుగా మార్చేశాడు.

అవి నవ్వు కథలు. జైల్లో మనుషులు ఎక్కువ, చోటు తక్కువ. అందరూ ఒకే పక్కకి తిరిగి పడుకోవాలి. ఒకడికి చెయ్యి తిమ్మిరెక్కితే అందరూ కలిసి రెండో పక్కకి తిరగాలి, బండి మొత్తం షంటింగ్. "గార్డు లేని గూడ్సు" అని ఆ కథకి పేరు. రోజూ తన రొట్టె పక్కవాడికి ఇచ్చేసే పెద్దమనిషి కథ ఒకటి. అన్నిటికంటే శ్వేతకి ఇష్టమైంది పాట కథ. కొత్తగా వచ్చినవాడు పాట పాడాలని అక్కడ రివాజు. రమణబాబు సింహాద్రి అప్పన్న భజన ఎత్తుకున్నాడు. అక్కడ తెలుగు ముక్క ఎవరికీ రాదు. అయినా ఎంత నచ్చిందో ఏమిటో, రాత్రల్లా పాడించారట. తెల్లారి బెల్లంముక్క పెట్టారట. శ్వేత తల్లి నీలవేణి కరోనా రెండో ఏడు పోయాక ఆ పిల్ల నిద్రపోవాలంటే తండ్రి పక్కన కూర్చుని ఆ కథే చెప్పాలి. "ఏక్ బార్ ఔర్, నాన్నా" అనేది, ఇంకోసారి అని. "ఒకటే కథ ఎన్నిసార్లు వింటావే గుంటా?" అంటూనే రమణబాబు మళ్ళీ పాడేవాడు. వంటింట్లో నర్సమ్మ తాళం వేసేది.

మొన్న ఎండాకాలం, బడులకి ఇంకా సెలవులివ్వక ముందు, నెహ్రూ నగర్ నుంచి ఝాన్సీ ఫోన్ చేసింది. బ్యాంకు ఉద్యోగి భార్య, గుంటూరు వైపు మనిషి, ఈ ఊరు వచ్చాక నర్సమ్మ తీర్పులకి అలవాటు పడింది.

"పిన్నిగారూ, జైలు సీరియల్ ఒకటి వచ్చిందట. వీడి క్లాసులో అందరూ చూస్తున్నారు. మావాడికి పద్నాలుగు. పదహారు దాటినవాళ్ళకి అని వేశారు. కానీ ఆ అంకె అన్నిటికీ వేస్తున్నారండీ, సిగరెట్ కాల్చినా అదే, పీక కోసినా అదే. ఏం అర్థం చేసుకోవాలి?"

"ఉండమ్మా, నాను సూసి సెప్తాను. అప్పటిదాకా ఆ గుంటడికి ఫోనియ్యకు."

"ఫోన్ ఇవ్వకపోతే అన్నం తినడండీ."

"తినకపోతే మాననీ. ఓ పూటకి ఏటవుద్ది?"

పిల్లలెవరికీ ఏమీ కాకూడదన్నది ఆవిడ పట్టుదల. కానీ ఈసారి అందులో ఇంకో ఆశ కలిసింది. కొడుకు ఉన్న చోటు ఎలాంటిదో ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ములాకాత్‌కి వెళ్ళినప్పుడు ఇనుప జాలీ అవతల మొహమొక్కటే కనబడేది. బాగానే చూస్తున్నారమ్మా అనేవాడు. నమ్మింది. నమ్మక చేసేదేముంది?

రమణబాబు తను పనిచేసే బ్యాటరీల దుకాణానికి, శ్వేత బడికి వెళ్ళాక, మధ్యాహ్నాలు టీవీ ముందు కూర్చుని చూసింది. సీరియల్ హిందీదే అయినా తెలుగులో పెట్టుకుని చూసింది. ఆవిడకి హిందీ రాదని కాదు. యాభై ఏళ్ళుగా కూరలవాడితో, పాలవాడితో, రేషన్ దుకాణంలో హిందీయే. కానీ రీళ్ళ కాలం నుంచీ ఆవిడ తీర్పు చెప్పినవన్నీ తెలుగు బొమ్మలు. చూడ్డమంటే తెలుగులో చూడ్డమే.

ఇక్కడ కొంచెం దారి తప్పాలి. మన తెలుగు తెర మీద శ్రీకాకుళం యాసకి మొదటినుంచీ ఒక ఉద్యోగం ఇచ్చి ఉంచారు. నౌకరు, తాగుబోతు, నవ్వించేవాడు, తన్నులు తినేవాడు. కథానాయకుడు ఆ యాస మాట్లాడితే వింత. ఎందుకిలా అని ఒక ముసలి నాటకాల మేష్టారిని పార్వతీపురంలో అడిగితే, "మేం ఏడుస్తున్నా మీకు నవ్వొస్తాది బాబూ, అదీ మా అదృష్టం" అన్నాడు. ఇప్పుడు హిందీవాటికి తెలుగు మాటలు అద్దేవాళ్ళు కూడా అదే బాటలో పోతున్నారు. ఈ జైలు సీరియల్లో కరడుగట్టిన ఖైదీలందరికీ ఆ యాసే తగిలించారు. నాయకుడు మాత్రం పుస్తకంలా మాట్లాడతాడు.

అందుకని నర్సమ్మ చెవికి ఏం వినిపించిందో ఊహించండి. మెడ మీద గాట్లున్న లావుపాటి ఖైదీ నోరు విప్పితే టెక్కలిలో ఆవిడ మేనమామ మాట్లాడినట్టుంది. బారక్‌ని గుప్పిట్లో పెట్టుకున్న ముసలాడు "ఒరే పిల్లడా, ఇటురా, ఏటలగ సూస్తన్నావు?" అంటే, చిన్నప్పుడు జీడిమామిడి తోటలో తనని పిలిచిన గొంతే. ఇంత దూరంలో ఉండి, ఇంట్లో మనుమరాలే సగం హిందీ మాట్లాడుతుంటే, ఆ మాట విని ఆవిడ గుండె మెత్తబడింది. వాళ్ళని చూసి భయపడలేకపోయింది. సొంతవాళ్ళని చూసి ఎవరు భయపడతారు?

పైగా కొడుకు చెప్పినవన్నీ అందులో ఉన్నాయి. ఒకే పక్కకి తిరిగి పడుకున్న మనుషులు వచ్చారు. నర్సమ్మ ఒక్కతీ కూర్చుని పకపకా నవ్వింది. పాట కూడా వచ్చింది. కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి మధ్యలో నిలబెట్టి పాడమంటారు. మూలన ఒక దుప్పటి తాడు మీద వేలాడుతూ ఉంటుంది. ముసలాడు "గట్టిగా పాడరా గుంటడా, గేటుకాడ జవానుబాబు నిద్దరోవాల!" అంటాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఇకిలిస్తారు. దుప్పటి కదులుతుంది. దాని వెనక ఏం జరుగుతోందో చూపించరు.

"మా రమణ సెప్పింది అచ్చంగా అదే," అనుకుంది ఆవిడ. అన్నేళ్ళుగా పక్కటెముకల కింద ఉన్న బరువు దిగినట్టనిపించిందట.

ఆ సాయంత్రం గుంపులోకి తీర్పు వెళ్ళింది. నేను విన్నాను, ఆవిడే వినిపించింది. "ఏటంటే అమ్మా, జైలు బొమ్మ సూసీసాను. కొట్లాటలున్నాయి, నెత్తురు తక్కువ. బీడీలు తాగుతారు. పాడు పనులేవీ సూపించలేదు. ఆళ్ళూ మనుషులే, మంచోళ్ళూ ఉన్నారు. ఎనిమిదో క్లాసు దాటినోళ్ళు సూడొచ్చు. భయం లేదు."

వంటింట్లో కూర్చుని వింటున్న శ్వేత లేచి వచ్చింది. "ఔర్ మై, నానమ్మా? నేను చూడొచ్చా?" పదో తరగతి పిల్ల.

"ఊరందరి పిల్లలకీ సెప్పి నీకు సెప్పనేటి? సూడు. మీ నాన్న కథలన్నీ ఉన్నాయందల."

ఈ మాట దగ్గరికి వచ్చినప్పుడు నర్సమ్మ లేచి వెళ్ళి పొయ్యి చూసొస్తుంది. నాకు చెప్పిన రెండుసార్లూ లేచి వెళ్ళింది.

ఆదివారం శ్వేత టీవీ పెట్టుకుంది. హిందీలో పెట్టుకుంది. ఆ పిల్లకి తెలుగు ఇంటి మాట. చూసేవీ చదివేవీ అన్నీ హిందీ. నర్సమ్మ దోసకాయ కోస్తోంది. షంటింగ్ కథ దగ్గర ఆ పిల్ల నవ్వుతుందని వంటింట్లోంచి చెవి అటు వేసి ఉంచింది. నవ్వు వినబడలేదు. ఆ చోటు ఇంకా రాలేదేమో, కరెంటు పోయిందేమో అనుకుని తొంగి చూసింది. పిల్ల మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుని ఉంది. తెర మీద అవే మొహాలు, అవే గాట్లు. కానీ ఆ నోళ్ళలోంచి వస్తున్నది టెక్కలి మాట కాదు. స్టేషను వెనక సందులో తాగి కొట్టుకునేవాళ్ళ మాట. అలాంటి మనిషి పక్కనుంచి వెళ్తుంటే పిల్లని చెయ్యి పట్టి లాక్కుని దూరంగా నడిపించే రకం.

పాట వచ్చింది. ముసలాడు కుర్రాడి చెవి దగ్గర వంగి, అరవకుండా, నెమ్మదిగా అన్నాడు: "జోర్ సే గా. ఇస్కీ ఆవాజ్ గేట్ తక్ నహీఁ జానీ చాహియే." గట్టిగా పాడు, వీడి గొంతు గేటు దాకా పోకూడదు. వీడంటే దుప్పటి వెనక ఉన్నవాడు. పాట కింద నుంచి దెబ్బల చప్పుడు, ఎవరో నోరు మూసినా ఆగని మూలుగు. తెలుగులో ఆ చోట నవ్వులు పోశారు.

నర్సమ్మ చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడే రమణబాబు భోజనానికి వచ్చాడు. ఆదివారం దుకాణం ఒంటిపూట. గుమ్మంలో చెప్పులు విడుస్తూ టీవీ వైపు చూశాడు. శ్వేత బొమ్మని ఆపేసింది. దుప్పటి మీదే ఆగింది.

"ఏటి సూస్తన్నారు?" అన్నాడు.

శ్వేత రిమోట్ కింద పెట్టింది. కాళ్ళు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నాడు. నర్సమ్మ అన్నం పెట్టింది. పప్పు వేసింది. అతను కలుపుతుంటే శ్వేత దగ్గరికి వచ్చి నిలబడింది.

"నాన్నా, ఆ రోజు మీరు పాడుతుంటే... పర్దే కే పీఛే కౌన్ థా?"

ఆ దుప్పటి వెనక ఎవరున్నారు అని. తిట్టినట్టు అడగలేదు. ఏడుస్తూ కూడా అడగలేదు. లెక్కలో రాని మెట్టు గురించి అడిగినట్టు అడిగింది. తండ్రి ఎప్పుడూ చెప్పగలిగినవాడే.

రమణబాబు చెయ్యి కంచంలోనే ఉంది. "అన్నం సల్లారిపోద్ది, నువ్వూ కూకో" అన్నాడు. తల ఎత్తలేదు.

"దెబ్బలు తిన్నది మీరు కాదు కదా? మీరు పాడారు కదా?"

"శ్వేతా!" అని నర్సమ్మ కేక వేసింది.

పిల్ల ఉద్దేశం వేరు. తండ్రికి దెబ్బలు తగల్లేదన్న మాట అతని నోట వినాలని. తనకి ఊరట కావాలని. రమణబాబుకి అది మరోలా తగిలింది. ఇన్నేళ్ళూ ఏ తలుపు తెరుచుకోకూడదని దాని ముందు భజన పాడుతూ నిలబడ్డాడో, కూతురు వచ్చి సరిగ్గా ఆ గొళ్ళెం మీద చెయ్యి వేసింది. చెయ్యి కడుక్కోకుండానే లేచాడు. గుమ్మం దాటి వెళ్ళిపోయాడు. చెప్పులు గుమ్మంలోనే ఉండిపోయాయి.

మర్నాడు దుకాణం కుర్రాడు వచ్చి బట్టలు పట్టుకెళ్ళాడు. ఊరి చివర మోప్కాలో కడుతున్న అపార్టుమెంటు దగ్గర కాపలా పని కుదిరిందట, రాత్రిళ్ళు అక్కడే పడక. శ్వేత ఫోన్ చేస్తే ఎత్తేవాడు. తిన్నావా, చదువుకున్నావా, సరే. అంతే. తను ఏం తప్పు మాట్లాడిందో ఆ పిల్లకి తెలియలేదు. "మైనే క్యా కియా, నానమ్మా?" అని అడుగుతూ ఉండేది. నువ్వేం చెయ్యలేదు, చేసింది నేను అని నర్సమ్మ జవాబు. పదహారేళ్ళ పిల్లకి ఆ జవాబు ఎక్కడ ఆనుతుంది?

ఆ వారమే ఝాన్సీ ఫోన్. "థాంక్సండీ పిన్నిగారూ. మావాడు మొత్తం చూసేశాడు. బోర్ కొట్టిందన్నాడు. మీరు చెబితే ఇక తిరుగు లేదండీ."

నిజమే. ఝాన్సీ కొడుక్కి ఏమీ కాలేదు. చిప్సు తింటూ చూసి, క్రికెట్‌కి వెళ్ళిపోయాడు. తక్కిన ఇళ్ళలోనూ అంతే. ఊరందరి పిల్లలకీ సరిపోయిన తీర్పు ఒక్క ఇంట్లో తప్పింది. బొమ్మలో ఎంత నెత్తురుందో చూసే కన్ను నర్సమ్మకి ఉంది. ఆ బొమ్మ ఏ ఇంట్లోకి వెళ్తోంది, ఆ ఇంట్లో పిల్ల ఏ మాట మీద తల పెట్టుకుని నిద్రపోతోంది అని చూడాల్సింది తన ఇంట్లోనే మరిచిపోయింది.

"తిరుగుందమ్మా ఝాన్సీ," అంది. "ఇంక నన్నడక్కు. నీ కొడుకు పక్కన నువ్వు కూకుని సూడు. ఆడు ఏ బాసలో సూస్తే ఆ బాసలోనే సూడు. నాను తెలుగులో సూసీసి హిందీ పిల్లలకి సెప్పాను. ఆడు నవ్వే కాడ నువ్వు ఆడి మొకం సూడు, బొమ్మ కాదు."

"ఏమైంది పిన్నిగారూ? గొంతు అలా ఉందేం?"

"పడిశం."

గుంపులోకి కూడా అదే పంపింది, ఇంకొంచెం తడబడుతూ. చాలామంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఒకావిడ, "అప్పకి పెద్దతనం వచ్చీసింది" అని నవ్వు బొమ్మ పెట్టింది.

తర్వాత నర్సమ్మ క్యారేజీ కట్టుకుని మోప్కా వెళ్ళింది. కొన్నాళ్ళ కిందటిదాకా పొలాలున్న చోట ఇప్పుడు సిమెంటు స్తంభాలు. రమణబాబు ఇసక కుప్ప నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఉన్నాడు. తల్లిని చూసి లేచి కుర్చీ ఇచ్చి, తను ఇటికల మీద కూర్చున్నాడు. క్యారేజీ విప్పి తిన్నాడు. తినేదాకా ఆవిడ కొంగుతో ఈగలు తోలింది.

"ఇంటికి రా నాయినా. గుంట సరిగా తినడం లేదు."

"వస్తానమ్మా."

"అది నిన్నేటీ అన్లేదురా. నీకు దెబ్బలు తగల్లేదు కదా అని అడిగింది. అంతే. నీకోసం అడిగింది."

"తెలుసు." కాసేపు ఇసకలో వేలితో గీస్తూ కూర్చున్నాడు. "తగిలితే సెప్పీసుందునమ్మా. సూపించీసుందును కూడా, ఇదిగో ఇక్కడ అని. తగల్లేదు. అదే కదా."

నర్సమ్మకి అడగాలని లేదు. అడగకుండా లేవలేకపోయింది.

"ఎవుడురా ఆడు?"

"ఏమో. మా కంటే ముందొచ్చినోడు. కుర్రోడు. పేరు తెలీదు."

"పక్కనే ఉండి పేరు తెలీదేట్రా?"

"పాడతన్నాను కదమ్మా," అన్నాడు రమణబాబు. "ఆడు సెప్తే మాత్రం ఎలగ ఇనబడద్ది?"

"పాడకపోతే నిన్నే కొడుదురు కదరా..."

"కొడుదురు."

కాంక్రీటు కలిపే యంత్రం ఆన్ చేశారు. ఇక మాటలు వినబడలేదు. అరుస్తూ మాట్లాడే సంగతులు కావవి. ఖాళీ గిన్నెలు తనే కడిగి, క్యారేజీలో సర్ది, తల్లి చేతికిచ్చాడు. ఆటో పిలిచి ఎక్కించాడు. వస్తాన్లే అన్నట్టు చెయ్యి ఊపాడు. నెల తిరిగింది, ఇది రాస్తున్నప్పటికి ఇంకా రాలేదు.

ఆటో తార్‌బహార్ సందులో ఆగే చప్పుడుకి శ్వేత పరిగెత్తుకుని వీధిలోకి వచ్చింది. తల దువ్వుకుని, మంచి చుడీదార్ వేసుకుని ఉంది. నర్సమ్మ ఒక కాలు కింద పెట్టి, ఇంకో కాలు దింపడానికి కమ్మీ పట్టుకుంది. పిల్ల ఆవిడ చెయ్యి అందుకోలేదు. పక్కకి వంగి, ఆవిడ భుజం మీదుగా ఆటో లోపలికి చూసింది. అటు పక్కనుంచి దిగుతున్నాడేమోనని చుట్టూ తిరిగి వెళ్ళి, అటు కూడా చూసింది.